విడదీయని సమాసం: ఒక కేస్ స్టడీ

గైనకాలజిస్టు పంపిన చీటీలో ఒక్క లైనే ఉంది. "అన్‌కన్సమేటెడ్ మ్యారేజ్, 14 నెలలు. కౌన్సెలింగ్ ప్లీజ్." ఆ చీటీ పట్టుకుని ముగ్గురు వచ్చారు: భర్త, భార్య, అత్తగారు. అత్తగారు గుమ్మం దగ్గరే నిలబడి, "ఇద్దరికీ ఏవైనా బలం మందులు రాయండమ్మా, ఊళ్ళో అందరూ విశేషం ఏమైనా ఉందా అని అడుగుతుంటే తలెత్తుకోలేకపోతున్నాం" అన్నారు. ఆవిడని బయట కూర్చోమని చెప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది.

ఇద్దరి అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. ఒక్కటి మాత్రం మార్చలేదు, మారిస్తే ఈ కేసే లేదు. ఆమె జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. ఎమ్మే తెలుగు, వయసు ఇరవై ఏడు. అతనికి ముప్పై ఒకటి, ఒక ప్రైవేటు బ్యాంకులో లోన్ల సెక్షన్.

మొదటి రోజు నేనొక తప్పు చేశాను. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడించాను. మాట్లాడించాను అనడం కూడా సరి కాదు, మాట్లాడింది అతనొక్కడే. "మేడమ్, మేమింకా కలవలేదు. ట్రై చేస్తాం, అవ్వదు. తను భయపడుతుంది. ఈమధ్య నాకు కూడా..." అని ఆగిపోయాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీస్తోంది, వేస్తోంది. ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో ఇలాంటి జంటలు చాలామందే వచ్చారు, ముందు విడివిడిగా మాట్లాడాలని నాకు తెలుసు. ఆ రోజు ఓపీ ఎక్కువగా ఉంది. అదే నా సాకు.

రెండోసారి విడిగా కూర్చున్నప్పుడు ఆమె అన్న మొదటి మాట: "అక్కడ గోడ ఉన్నట్టుంటుందండి."

ఈ గోడ మాట నాకు కొత్త కాదు. వెజైనిస్మస్ ఉన్న స్త్రీలలో చాలామంది ఇదే అంటారు, భర్తలు కూడా ఇదే అంటారు. కటి కింది భాగంలో ఊయలలా పట్టి ఉంచే కండరాలుంటాయి. మూత్రం ఆపుకున్నప్పుడు మనం బిగించేది వాటినే. లోపలికి ఏదైనా వస్తుందన్న ఊహకే అవి ఆమె ప్రమేయం లేకుండా బిగుసుకుంటాయి. కంటి మీదకి ఏదైనా దూసుకొస్తే రెప్ప పడ్డట్టు. రెప్పని తిట్టి లాభం లేదు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే అమెరికా సైకియాట్రిస్టుల రోగనిర్ధారణ పుస్తకం, దీన్నీ, కలయికలో వచ్చే నొప్పినీ ఒకే పేరు కింద కలిపేసింది. ఎందుకంటే భయం, నొప్పి, బిగుసుకోవడం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి, ఏది ముందో తేల్చడం కష్టం.

అతన్ని కూడా విడిగా చూశాను. తెల్లవారుజామున అంగస్తంభన మామూలుగానే ఉంది. ప్రయత్నించినప్పుడే పోతోంది. షుగర్ లేదు, బీపీ లేదు. ఏడాదిగా ప్రతిసారీ భార్య ముఖంలో భయం చూస్తున్న మనిషికి అలా కాకపోతే ఆశ్చర్యపోవాలి. ఈలోపు ఫ్రెండు చెప్పాడని "నరాల బలహీనత" బోర్డు పెట్టుకున్న చోటికి వెళ్ళి నలభై వేల దాకా పోశాడు. మూడు రకాల లేహ్యాలు, ఒక నూనె. తర్వాత పెళ్ళైన కజిన్ ఒకడు, "మగాడివి, కొంచెం గట్టిగా ఉండాల్రా" అన్నాడట. "నాకు చేత కాలేదు మేడమ్. తను ఏడుస్తుంటే నేనెలా..." అన్నాడు తల దించుకుని, నేరం ఒప్పుకుంటున్నట్టు. ఈ కేసులో బాగుపడే అవకాశానికి అసలు కారణం ఆ చేతకాకపోవడమే అని అతనికి చెప్పాను. ఫీజులో సగం ఆ మాటకే సరిపోయిందని తర్వాతెప్పుడో నవ్వుతూ అన్నాడు.

పెద్దవాళ్ళు అప్పటికే లాయర్ని కలిశారు. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద, ఒకరి నపుంసకత్వం వల్ల కాపురం జరగకపోతే రెండోవాళ్ళు పెళ్ళి రద్దు కోరవచ్చు. మాకు వచ్చే కేసుల్లో ఈ సెక్షన్ నెంబరు తెలిసిన తల్లిదండ్రులు ఉంటారు, కండరం పేరు తెలిసినవాళ్ళు ఉండరు.

ఆమె కథలో అత్యాచారం లేదు, పెద్ద గాయం లేదు. ఇది ముఖ్యం, ఎందుకంటే అందరూ ముందు దాని కోసమే వెతుకుతారు. ఉన్నదల్లా ఇంత: పెద్దమనిషి అయినప్పుడు చాప మీద కూర్చోబెట్టారు, ఊరంతా వచ్చి చిమ్మిలి తిని అక్షింతలు వేసి వెళ్ళారు, ఏం జరిగిందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. హాస్టల్లో ఒకమ్మాయి శోభనం రాత్రి రక్తం కారి హాస్పిటల్‌కి తీసుకెళ్ళారన్న కథ చెప్పింది, ఎవరికి జరిగిందో ఆ అమ్మాయికీ తెలియదు. పెళ్ళి జరిగింది తెల్లవారుజాము నాలుగు గంటల ముహూర్తానికి. రెండు రాత్రులు నిద్ర లేదు. ఆ రోజు రాత్రే కార్యం. గది బయట చాపల మీద పడుకున్న బంధువుల దగ్గు వినిపిస్తోందట.

మూడో సిట్టింగ్‌లో ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చాను. "మీ శరీరం కింది భాగం ఎలా ఉంటుందో మీకు తెలిసినంత గియ్యండి." ఈ పని చాలామంది చేత చేయిస్తాను. డాక్టర్ల భార్యలు, నర్సులు కూడా తప్పుగా గీసిన సందర్భాలున్నాయి. ఆమె పెన్సిలు పెట్టింది, ఎత్తింది. మళ్ళీ పెట్టి ఒక త్రికోణం గీసింది, మధ్యలో ఒక గీత. అంతే. మూత్రం దారి, బిడ్డ పుట్టే దారి వేరు వేరని ఆమెకు ఖాయంగా తెలియదు. త్రికోణం పక్కన బాణం గుర్తు వేసింది, పేరు రాయడానికి. బాణం చివర ఖాళీగా ఉండిపోయింది.

"పేరు రాయండి."

"ఇంగ్లీషులో రాయనా?"

"తెలుగు లెక్చరర్ కదమ్మా మీరు."

కాసేపటికి అంది: "ఇంగ్లీషులో వజైనా అనగలనండి. అది హాస్పిటల్ మాట, నాది కాదు. తెలుగులో నాకు తెలిసిన మాట గోడల మీద రాసే బూతు. ఇంకోటి ఉంది, అది సంస్కృతం." అక్కడ ఆగి, మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "మేడమ్, నేను ఏటా మూడు సెక్షన్లకి 'అయోనిజ' అని చెప్తాను, సీత గురించి. పిల్లలకి సమాసాలన్నీ విడదీసి బోర్డు మీద రాస్తాను. అది ఒక్కటి విడదీయను. భూమిలో దొరికింది కాబట్టి ఆ పేరు అని చెప్పి పేజీ తిప్పేస్తాను."

అ-యోని-జ, యోని నుంచి పుట్టనిది. నా నోట్సులో ఆ రోజు తేదీ కింద గీత గీసి ఉంది. మూడు భాషలు ఆమె ముందున్నాయి, మూడింటిలోనూ తన శరీరం తనది కాదు. నా దగ్గరికొచ్చే చదువుకోని ఆడవాళ్ళది ఈ విషయంలో కొంత నయం, పొలం పనుల్లో, పెళ్ళిళ్ళలో ముసలమ్మల మోటు హాస్యాలు విని పెరిగినవాళ్ళు "సంసారం" అంటారు, ఇంకా పచ్చిగా కూడా అంటారు, నవ్వుతారు. మధ్యతరగతి చదువు ఆ మాటలు పీకేసింది, వాటి చోట ఏమీ నాటలేదు.

ఇక్కడ నా రెండో తప్పు. నాకు పాత సాహిత్యం మీద కొంచెం పిచ్చి ఉంది. తెలుగు చదివిన పేషెంటు దొరికేసరికి ఉత్సాహం ఆగలేదు. మనవాళ్ళు ఇవన్నీ ఎంత స్వేచ్ఛగా రాశారు, హాలుడి గాథాసప్తశతి నుంచి ప్రబంధాల దాకా, క్షేత్రయ్య పదాలు చూడండి అంటూ పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఆమె మర్యాదగా వింది. చివర్లో అంది: "వాళ్ళెవరికీ నొప్పి రాదు కదండీ."

నాకు మాట రాలేదు.

"ప్రబంధాల్లో నాయిక వర్ణన ఎమ్మేలో చదివాను. జడ నుంచి పాదాల దాకా ఒక్కో అవయవానికి ఒక్కో పద్యం. మా సారు కొన్ని పద్యాల దగ్గర 'ఇవి ఇంటి దగ్గర చదువుకోండి' అనేవారు. నేను ఇంటి దగ్గర చదివాను. ఎవరో టేపు పెట్టి నన్ను కొలుస్తున్నట్టు అనిపించేది. ఆ నాయికలందరూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. విరహంతో మంచం మీద పొర్లుతుంటారు. నేను ఒక్కదాన్నే ఇలా ఉన్నానేమో అనుకున్నాను."

సాహిత్యంలో శృంగారం మనుషులకి శృంగారం నేర్పుతుందని నేను చాలాకాలం అనుకున్నాను. దానిలో సగమే నిజం. రాజు సభలో మగవాళ్ళ కోసం మగవాడు రాసిన పద్యం ఇంటర్ పిల్లలకి పాఠం చెప్పే ఈ అమ్మాయి మంచం దగ్గరికి వచ్చేసరికి పరీక్ష పేపరులా మారింది. ఆమె భర్త చదివింది కావ్యాలు కాదు, ఫోన్లో వీడియోలు. అక్కడ కూడా ఎవరికీ నొప్పి రాదు, అందరూ ఎప్పుడూ సిద్ధమే. ఇద్దరికీ సిలబస్ ఒకటే అని చెప్పొచ్చు.

చికిత్స విషయానికొస్తే, నేను ముందు పెట్టిన షరతు: ఆరు వారాల పాటు కలయిక ప్రయత్నం పూర్తిగా బంద్. ఇది నా కనిపెట్టుడు కాదు. అమెరికన్ సెక్స్ పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో రాసిన పుస్తకంతో ప్రపంచమంతా పాకిన పద్ధతి ఇది. లక్ష్యం లేని స్పర్శ, వంతులవారీగా, మొదట్లో జననాంగాలూ రొమ్ములూ వదిలేసి. నేను దాన్ని చేతుల హోంవర్క్ అంటాను. పరీక్ష రద్దయిందని తెలిసిన రాత్రి ఇద్దరూ హాయిగా నిద్రపోయారట. మూడో వారానికి అతని ఇబ్బంది దానంతటదే తగ్గింది, ఒక్క మాత్ర రాయకుండా.

ఇలా ఆగమనడం కొత్తదేమీ కాదు. కామసూత్రం అనగానే అందరికీ బొమ్మలు గుర్తొస్తాయి. అందులో కన్యావిస్రంభణం అని ఒక అధ్యాయం ఉంది, కొత్త పెళ్ళికూతురికి నమ్మకం కలిగించడం గురించి. పెళ్ళైన మూడు రాత్రులూ నేల మీద పడక, ఉప్పూ క్షారాలూ లేని తిండి, బ్రహ్మచర్యం. తర్వాత ఏడు రోజులు స్నానాలు, సంగీతం, కలిసి భోజనం, వేడుకలు. ఆ తర్వాతే ఏకాంతంలో మెత్తగా దగ్గరవ్వమంటాడు వాత్స్యాయనుడు. ఆడవాళ్ళు పువ్వులాంటివాళ్ళు, నమ్మకం కుదరకముందే బలవంతంగా మీద పడితే కలయికనే ద్వేషించేవాళ్ళవుతారని సూత్రంలోనే రాశాడు. పువ్వు పోలిక నాకంత నచ్చదు గానీ, రెండో సగం నా కేస్ షీట్లలో ప్రతి నెలా కనిపిస్తుంది. మన పెళ్ళిళ్ళలో మూడు రాత్రుల ముచ్చట ఇంకా ఉంది. పాల గ్లాసు, పళ్ళూ స్వీట్లూ, మల్లెపూలు కూడా ఉన్నాయి. ఆగమన్న ముక్క ఒక్కటే ఎక్కడో రాలిపోయింది.

ఇది అతనికి చెప్పాను, ఆమెకు చెప్పలేదు. ఒకసారి దెబ్బ తిన్నాను కదా.

గైనకాలజిస్టు పరీక్షకి ఒప్పందం రాసుకున్నాం: ఆమె చెయ్యి ఎత్తితే డాక్టరు అక్కడికక్కడే ఆపాలి. మొదటిసారి కాళ్ళు ముడవలేదు గానీ నడుము బల్ల మీద నుంచి పైకి లేచిపోయింది. వెజైనిస్మస్ తీవ్రతకి 1978లో లామాంట్ అనే డాక్టరు వేసిన నాలుగు మెట్లలో ఇది మూడోది. చెయ్యి ఎత్తింది, ఆపేశారు. ఆ ఆపడం చూసే రెండోసారి ఆమె తనంతట తాను వెళ్ళింది. పొర అడ్డం, ఇన్ఫెక్షన్, దూదిపుల్ల తాకితేనే మండే చోట్లు, ఇవేవీ లేవని తేలింది.

తర్వాత అద్దం. తర్వాత తన వేలు, జెల్లీతో, ఊపిరి వదులుతూ. బిగించి వదలడం నేర్పితేనే వదలడం అంటే ఏమిటో కండరానికి తెలుస్తుంది, కాబట్టి ముందు బిగించడం. వేలి దగ్గరే మూడు వారాలు గడిచాయి. ఆ తర్వాత డైలేటర్లు: సిలికాన్ గొట్టాలు, చిటికెన వేలంత సన్నంగా మొదలై ఒక్కో సైజూ పెరుగుతాయి. రోజూ పది పదిహేను నిమిషాలు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే పార్సిల్ అత్తగారు అందుకున్నారు. "ఏంటమ్మా ఇది?" అంటే ఈమె క్షణం ఆలోచించకుండా "కాలేజీ ల్యాబ్ సామాను" అందట. తెలుగు లెక్చరర్‌కి ల్యాబ్ ఏమిటని ఆవిడ అడగలేదు. ఆ డబ్బా బీరువాలో పెళ్ళి పట్టుచీర కింద ఉండేది. ఆ చీర ఇంకెందుకూ పనికిరాలేదు మేడమ్ అంది.

నాలుగో నెలలో చతికిలబడ్డాం. దసరాకి ఆడపడుచు కుటుంబం వచ్చింది, రెండు గదుల ఇల్లు, గోడకి అవతల పిల్లలు. మూడో సైజు దగ్గర నొప్పి వచ్చి ఆమె దాన్ని మూలకి విసిరేసింది. మూడు వారాలు ముట్టుకోలేదు. అతను ఒక్కడే వచ్చి, "ఇంకెన్నాళ్ళు మేడమ్?" అన్నాడు. గొంతులో మొదటిసారి చిరాకు. ఆ రోజు అతనికి తేదీ చెప్పలేదు. ఎవరూ చెప్పలేరు. చిరాకు భార్య ముందు కాక నా ముందు చూపించినందుకు థాంక్స్ చెప్పి, ఇంకో అరగంట కూర్చోబెట్టి మాట్లాడనిచ్చాను.

ఆ గండం గడిచింది మాత్రం నా వల్ల కాదు. తర్వాతి సిట్టింగ్‌కి ఆమె బ్యాగులోంచి రాధికా సాంత్వనం అనే కావ్యం తీసింది. కాలేజీ లైబ్రరీలోది కాదు, ఎమ్మేలో కొని చదవకుండా ఉంచేసినది. ముద్దుపళని అనే కవయిత్రి పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో రాసింది. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి వావిళ్ళ వారితో అచ్చు వేయించారు. అంతకుముందే వీరేశలింగం పంతులు గారు ఈ కావ్యాన్ని, రాసినామెని కూడా తప్పుపట్టారు. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళు రాసిన ఇలాంటివాటి మీద ఈ అభ్యంతరం ఎందుకు రాలేదని నాగరత్నమ్మ నిలదీశారు. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ నిషేధం పోలేదు. వితంతువుల పెళ్ళిళ్ళు చేయించిన మనిషి, ఆడపిల్లలకి బడి పెట్టిన మనిషి ఆ గీత దగ్గర ఆగిపోవడం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. మా ఓపీలో కనిపించే చదువుకున్న మంచి కుటుంబాలు చాలావరకు ఆ గీత ఇవతలే పుట్టాయి.

ఆమెకు ఈ చరిత్ర అంతా నాకంటే బాగా తెలుసు. పట్టుకొచ్చిన సంగతి వేరు. "టైటిల్ చూడండి మేడమ్. సాంత్వనం. అలిగేది రాధ, అడిగేది రాధ. బతిమాలుకునేది కృష్ణుడు. ఇందులో ఆడమనిషి ఇంకోలా ఉంది." రాత్రి భర్తకి కొన్ని పద్యాలు చదివి వినిపించిందట. అతనికి పద్యం అర్థం కాదు. ప్రతి మాటకీ అర్థం అడిగాడు. ఆమె చెప్పాల్సి వచ్చింది. పాఠం చెప్పే అలవాటుతో సమాసాలు విడదీసి చెప్తూ చెప్తూ, ఒకచోట తనే నవ్వేసిందట. "ఆ మాటలన్నీ నేను మామూలుగా అనేశాను మేడమ్. ఆయన కూడా నోట్సు రాసుకునేవాడిలా విన్నాడు."

పద్యాలు కండరాన్ని వదులు చేశాయని నేను రాయడం లేదు. వదులు చేసింది డైలేటర్లు, ఊపిరి, రోజూ పదిహేను నిమిషాలు. కానీ ఆ వారం నుంచి ఆమె "అక్కడ" అనడం మానేసింది. "కొంచెం పైన", "ఇటు కాదు", "ఆగు" అని అతనితో అనగలిగింది. చికిత్సలో అతి పెద్ద మందు "ఆగు" అన్న మాట. ఆగమంటే ఆగుతాడని తెలిసిన శరీరం కాపలా కాయడం మానేస్తుంది.

ఏడో నెలలో, పదకొండో సిట్టింగ్ ముందు, ఆమె పైన ఉండి, వేగం ఆమె చేతిలో పెట్టుకుని, కలిశారు. వాట్సాప్‌లో ఒక్క ముక్క పంపింది: "పాఠం పూర్తయింది."

చాలా క్లినిక్కుల్లో ఇక్కడ ఫైలు మూసేస్తారు. లోపలికి వెళ్ళిందా, లేదా, అదే లెక్క. నేను మూయలేదు, ఎందుకంటే తర్వాతి నెల ఆమె ఇంకో సంగతి చెప్పింది: "నొప్పి లేదండి. కానీ నాకేమీ అనిపించడం లేదు." నొప్పి పోవడం వేరు, ఇష్టం రావడం వేరు. ఏడు నెలలు శరీరాన్ని మేం ఒక దారిలా చూశాం, ఆమె కూడా అలాగే చూసుకుంది. మళ్ళీ చేతుల హోంవర్క్‌కి వెనక్కి వెళ్ళాం. క్లిటోరిస్, అంటే స్త్రీకి సుఖం కలిగించే చిన్న అవయవం, ఎక్కడుందో, దాని పని ఏమిటో మొదటి బొమ్మలోనే చెప్పాను, ఆమె మర్చిపోయింది, మర్చిపోవడానికి నేను కూడా సాయపడ్డాను. ఆ భాగానికి ఇంకో రెండు నెలలు పట్టింది. దాని గురించి ఇక్కడ ఇంకేమీ రాయవద్దని ఆమె కోరింది.

ఫాలోఅప్‌కి పోయిన నెల వచ్చారు. గర్భం లేదు, ఇప్పుడే వద్దనుకుంటున్నారు. అత్తగారు ఇంకా విశేషం కోసం అడుగుతూనే ఉన్నారు, ఈసారి రిసెప్షన్‌లో మా నర్సుని అడిగారు. లాయర్ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నాలుగో సైజు డైలేటర్ ఇంకా చీర కిందే ఉంది, టెన్షన్ ఎక్కువైన వారాల్లో ఒకసారి వాడుతుంది, అది మామూలే.

లేచి వెళ్తుంటే అడిగాను, అయోనిజ పాఠం ఈ ఏడు వచ్చిందా అని.

"వచ్చింది మేడమ్. మూడు సెక్షన్లకీ చెప్పాను."

"విడదీశారా?"

"రెండింటిలో విడదీశాను. మూడో సెక్షన్ పక్కనే ప్రిన్సిపాల్ గది."